మన నేల మొక్కకు మన నర్సరీలో చోటు



మన కొవ్వూరు నుంచి వంతెన దాటి, రాజమహేంద్రవరం మీదుగా వేమగిరి వైపు వెళితే పదహారో నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ మొక్కలే కనిపిస్తాయి. వేమగిరి, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, జేగురుపాడు, వీరవరం. ఊళ్ళు వేరైనా బయటివాళ్ళకు అన్నీ కలిపి కడియం నర్సరీలే. గోదావరి ఒండ్రు నేల ఉంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యాన కాలువ నీరు ఉంది. అంటు కట్టడంలో, కొమ్మ నాటడంలో చేయి తిరిగిన రైతులు, కూలీలు ఉన్నారు. పూలతో, పండ్ల మొక్కలతో మొదలైన పని ఇవాళ హైదరాబాదు విల్లాలకు, బెంగళూరు ఆఫీసు ప్రాంగణాలకు, ఉత్తరాది రహదారులకు లారీల మీద పచ్చదనాన్ని పంపే పరిశ్రమ అయింది.

ఇంత పెద్ద మొక్కల బజారు మన గుమ్మం ముందుంది కదా, అందులో మన నేల సొంత మొక్కకు ఎంత చోటుంది? ఈ రోజు మీతో మాట్లాడదలచింది ఈ విషయమే.

ఒక పెద్ద నర్సరీ ముందు వరసలో ఏముంటాయో చూడండి. క్యూబా నుంచి వచ్చిన రాయల్ పామ్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫాక్స్‌టెయిల్ పామ్. మడగాస్కర్ నుంచి వచ్చిన అరెకా పామ్. బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన బోగన్‌విల్లా. మధ్య అమెరికా నుంచి వచ్చిన గులాబీ రంగు టబెబుయా. గట్టు పొడవునా పసుపుపచ్చగా మెరిసే డురాంటా, అదీ అమెరికా ఖండాల మొక్కే. వేసవిలో మన రోడ్లను ఎర్రగా కప్పే తురాయి మడగాస్కర్‌ది. మన కాలువ గట్ల మీద గొడుగు పట్టే నిద్రగన్నేరు మధ్య, దక్షిణ అమెరికాలది. లక్షల ఖరీదు చేసే ఆలివ్ చెట్లు సైతం సముద్రాలు దాటి వచ్చి నర్సరీల్లో నిలబడుతున్నాయి.

ఇవన్నీ చెడ్డ మొక్కలని నేను అనడం లేదు. తరాలుగా మనతో కలిసిపోయినవి వీటిలో చాలా ఉన్నాయి. మనం తినే మిరపకాయ బయటిదే, జామ బయటిదే, బొప్పాయి బయటిదే. ఎక్కడిదో అని మొక్కను వెలివేయడం మన సంప్రదాయం కాదు. నా బాధ వేరు. పొగడ మొక్క కావాలన్నా, రేల కావాలన్నా, పొన్న కావాలన్నా నర్సరీ వెనక మూలకు వెళ్ళి వెతుక్కోవాలి. పది మొక్కలు దొరికితే ఒక్కోటీ ఒక్కో ఎత్తు. వంద కావాలంటే మూడు ఊళ్ళు తిరగాలి. "మొక్క లేదని కాదండీ, అడిగేవాళ్ళు లేరు. అడగని మొక్కకు ఏళ్ళ తరబడి నీళ్ళెవరు పోస్తారు?" అంటారు నర్సరీ రైతులు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆ న్యాయం లోపలికి కాస్త వెళదాం.

ముందుగా, మన మొక్క అంటే ఏది? రాష్ట్రం సరిహద్దు గీత మొక్కకు తెలియదు. ఎర్రచందనాన్ని చూడండి. శేషాచలం, వెలిగొండ, నల్లమల కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. మన రాష్ట్రానికి గర్వకారణం. అయినా అది రాతినేలల చెట్టు, ఎండిన కొండల చెట్టు. గోదావరి డెల్టా నల్లమట్టిలో, నీరు నిలిచే చోట దానిని వరసలుగా నాటి మన మొక్క నాటామనుకుంటే పొరపాటు. ఇక్కడి మట్టికి, ఇక్కడి వానకు, ఇక్కడి ఉప్పుగాలికి, ఇక్కడి పురుగుకూ పిట్టకూ అలవాటుపడి తరతరాలుగా తనంతట తాను మొలుస్తున్నదే ఈ చోటికి సొంత మొక్క. కాలువ గట్టున మొగలి, కానుగ. చెరువు ఒడ్డున తెల్లమద్ది, నేరేడు. తీరం వైపు పొన్న, గంగరావి. కోరంగి దగ్గర ఉప్పునీటిలో మడ చెట్లు. మెట్ట వైపు రేల, మోదుగ, ఇప్ప. లంకల్లో శరత్కాలానికి తెల్లగా పూచే రెల్లు.

ఈ రెల్లు గురించే ఒక మాట చెప్పాలి. మన గోదావరి లంకలకు అందం తెచ్చే రెల్లు మధ్య అమెరికాలోని పనామా దేశంలో పెద్ద బెడద. అక్కడి పనామా కాలువ పరిసరాల్లో ఎకరాల కొద్దీ అల్లుకుపోయి, అడవి మళ్ళీ లేవకుండా అడ్డుపడుతోంది. ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. మన పట్టణాల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద విరివిగా నాటిన కోనోకార్పస్ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో మీకు తెలుసు. ఆ కోనోకార్పస్‌లో ఒక జాతి సోమాలియా, జిబూతి, యెమెన్ ప్రాంతాలది. మరో జాతి అమెరికాలోని ఫ్లోరిడా తీరానికి సొంత చెట్టు. అక్కడ మడ అడవుల అంచున బతుకుతూ, తీరాన్ని కాపాడుతూ, స్థానిక మొక్కల నర్సరీల్లో గౌరవంగా అమ్ముడవుతుంది. అంటే తప్పు మొక్కది కాదు. మొక్కను దాని చోటు నుంచి ఎత్తి, ముందువెనకలు చూడకుండా లక్షల్లో నాటిన మనుషులది.

ఈ పాఠం మనకు కొత్త కాదు. డెల్టా రైతును గుర్రపుడెక్క గురించి అడగండి. దక్షిణ అమెరికా నీళ్ళలో పుట్టిన ఆ మొక్కను ఊదారంగు పువ్వు అందం చూసి, పందొమ్మిదో శతాబ్ది చివర్లో బెంగాలుకు తెచ్చారు. తోట కొలనులోకి వచ్చిన అలంకరణ మొక్క ఇవాళ మన కాలువలను, మురుగు డ్రెయిన్లను కమ్మేసి, ఏటా తీయించినా ఏటా తిరిగి వస్తోంది. లాంటానా కూడా పూల అందం కోసం కలకత్తాలోని వృక్షశాస్త్ర తోటకు వచ్చిందే. ఇప్పుడు దక్షిణాది పులుల అడవుల్లో గడ్డిని మింగేస్తోంది. సర్కారు తుమ్మ అందం కోసం కాకపోయినా వంటచెరకు కోసం వచ్చింది. 1870ల చివర్లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఆ తరవాత అది ఎంత మేర ఆక్రమించిందో రాయలసీమ, తెలంగాణ రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మొక్కల వ్యాపారానికి బాధ్యత ఎందుకుండాలో చెప్పడానికి ఈ మూడు మొక్కలు చాలు. ఒకసారి బయటపడిన మొక్కను వెనక్కి పిలవడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

సరే, సొంత మొక్క వల్ల ఒరిగేదేమిటి? నీడ ఏ చెట్టయినా ఇస్తుంది. కానీ చెట్టంటే నీడ ఒక్కటే కాదు. జిల్లేడు ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక ఉంది. రేల ఆకు మీద గుడ్లు పెట్టే పసుపు సీతాకోకచిలుక ఉంది. మర్రి, రావి, మేడి, జువ్వి చెట్లలో ఒక్కో జాతికి దాని కాయలోకి దూరి పరాగం చేర్చే ఒక్కో రకం చిన్న కందిరీగ ఉంటుంది. ఆ కందిరీగ ఉంటేనే కాయ పండుతుంది, పండు ఉంటేనే కోకిల, గువ్వ, గబ్బిలం వస్తాయి. బయటి నుంచి వచ్చిన పామ్ చెట్టుకు చీడ లేకపోవడం చూసి మురిసిపోతాం. ఏ పురుగూ తినని చెట్టు మీద ఏ పిట్టపిల్లకూ తిండి దొరకదు. పిచ్చుకలు తగ్గాయని, సీతాకోకచిలుకలు కనపడడం లేదని వాపోయే మనం వాటి అన్నం ఏ చెట్టు మీద ఉందో చూసుకోవాలి.

ఇక్కడి మొక్కల మీద పరిశోధన కూడా మన జిల్లాల్లోనే మొదలైంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ఉండి తోట పెంచాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. 1795 నుంచి లండన్‌లో భాగాలుగా వెలువడిన అతని కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మూడు వందల బొమ్మలున్నాయి. భారతదేశపు వృక్షశాస్త్రానికి పునాది వేసిన గ్రంథాల్లో అదొకటి. అంత తొందరగా తన మొక్కలు గ్రంథానికి ఎక్కిన ప్రాంతంలో ఆ మొక్కలే నర్సరీ కవరులో దొరక్కపోవడం మనకు శోభ కాదు.

మరి దొరక్కపోవడానికి కారణమేమిటి? రైతుకు ప్రేమ లేక కాదు. లెక్క కుదరక.

కోనోకార్పస్ కొమ్మ గుచ్చితే పాతుకుంటుంది. త్వరగా ఎదుగుతుంది. పదివేల మొక్కలూ ఒకే ఎత్తున, ఒకే తీరున వస్తాయి. ఆకు పెద్దగా రాలదు. ఎలా కత్తిరిస్తే అలా నిలుస్తుంది. తోటపని కాంట్రాక్టరుకు అంతకన్నా కావలసిందేముంది? టెండరు కాగితంలో ఇన్ని అడుగుల ఎత్తు, ఇంత మందం కాండం, ఇన్ని వేల మొక్కలు, ఇన్ని నెలల్లో నాటాలి, చచ్చినవాటి స్థానంలో మళ్ళీ వేయాలి అని ఉంటుంది. ఏ జాతి అన్నది చాలాసార్లు ఉండదు, ఉన్నా ఏదో ఒకటి అన్నట్టు ఉంటుంది. అప్పుడు కాంట్రాక్టరు ఖాయంగా బతికేదే కొంటాడు. నర్సరీ రైతు ఖాయంగా అమ్ముడుపోయేదే పెంచుతాడు.

ఇప్పుడు మన మొక్కల సంగతి చూడండి. వేపగింజ చెట్టు నుంచి రాలిన కొద్ది వారాల్లో నేలలో పడాలి. దాచిపెడితే మొలక శక్తి పోతుంది. నేరేడు గింజా అంతే, తడి ఆరక ముందే వేయాలి. రేలగింజది దీనికి పూర్తిగా ఎదురు గుణం. పై పొర రాయిలా ఉంటుంది. వేడినీళ్ళలో నానబెట్టో, గరుకు రాతి మీద గీసో వేస్తే తప్ప త్వరగా మొలవదు. మోదుగకు చిన్నప్పుడే తల్లివేరు లోతుకు దిగుతుంది. కవరులో ఎక్కువ కాలం ఉంచితే వేరు అడుగున చుట్టలు చుట్టుకుపోయి, నాటిన తరవాత చెట్టు నిలదొక్కుకోదు. పొగడ, పొన్న నిదానంగా ఎదుగుతాయి. టబెబుయా మూడు లోడ్లు వెళ్ళిపోయే లోపల పొగడ ఒక లోడుకు రాదు. నేల అద్దె, నీటి ఖర్చు, కూలి, కవరు, ఎరువు అన్నీ ఆ పొగడ మీద ఏళ్ళకొద్దీ పేరుకుంటాయి. ఆఖరికి కొనేవాడు వచ్చి రెండింటికీ ఒకే ధర అడిగితే రైతు ఏం చేస్తాడు?

కొనేవాళ్ళ అభిరుచి సంగతీ ఉంది. రేల, మోదుగ పూతకు ముందు ఆకు రాల్చేస్తాయి. గేటెడ్ కమ్యూనిటీవాళ్ళకు ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, కింద ఆకు కనపడకూడదు. ఆకు రాలడం చెట్టుకు రోగం కాదు, అది నేలకు ఎరువు. మోదుగ ఆకు రాల్చాకే ఆ కొమ్మల నిండా నిప్పులాంటి పూత వస్తుంది. ఆ సంగతి కొనేవాళ్ళకు చెప్పే మనిషి ఉండాలి. నర్సరీలో ఆ మొక్క పక్కన పూతకొచ్చిన చెట్టు ఫోటో ఒకటి పెట్టినా చాలు. పూత లేని కాలంలో కవరులోని రేల మొక్క ఎవరి కంటికీ ఆనదు. పూసిన రేలను చూసినవాడు ఆ మొక్క కొనకుండా ఇంటికి వెళ్ళడు.

ఇక్కడే ఒక ఆశ కూడా ఉంది. మన మొక్కలకు బజారు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. నూరువరహాలు చూడండి. నర్సరీల్లో ఇక్సోరా అంటారు. దక్షిణ భారతదేశం, శ్రీలంకల సొంత పొద అది. ఇవాళ ఏ తోటలో అది లేదు? నందివర్ధనం కూడా మన వైపుదే. పొట్టి రకాలు, మచ్చల ఆకుల రకాలు ఎంపిక చేసి, అంచు మొక్కలుగా పెంచారు కాబట్టి వేల సంఖ్యలో అమ్ముడవుతున్నాయి. వట్టివేరు సంగతి ఇంకా గొప్పది. నీటి ఒడ్డున మొలిచే మన గడ్డి. దాని వేళ్ళు నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు భారతదేశంలో దాని గుణం గమనించి ప్రచారం చేశాక, ఇవాళ ఎన్నో దేశాల్లో రోడ్ల వాలుల మీద, చెరువు గట్ల మీద మట్టి జారకుండా దాన్నే నాటుతున్నారు. మన గడ్డి ప్రపంచానికి పనికొచ్చింది, మన కాలువ గట్టుకు పనికిరాదా?

గుడి బజారు కూడా చిన్నది కాదు. నవగ్రహ వనం వేయాలంటే జిల్లేడు, మోదుగ, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ కావాలి. నక్షత్ర వనం వేయాలంటే ఇరవై ఏడు జాతులు కావాలి. భరణికి ఉసిరి, రోహిణికి నేరేడు, రేవతికి ఇప్ప. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి కావాలి. కార్తీకంలో వనభోజనానికి ఉసిరి చెట్టు నీడ కావాలి. బతుకమ్మకు తంగేడు కావాలి. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం కూడా. 2018లో మన ఆంధ్రప్రదేశ్ వేపను రాష్ట్ర వృక్షంగా, మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఇంత కోరిక ఉన్న చోట నర్సరీవాళ్ళు ఈ మొక్కల్ని ఏ భక్తుడో అడిగినప్పుడు వెతికి తెచ్చే వస్తువులుగా కాకుండా, ఏడాది పొడవునా నిల్వ ఉండే సరుకుగా చూడవచ్చు.

మియావాకి అడవుల సంగతీ విన్నారు కదా. జపాన్‌కు చెందిన అకీరా మియావాకి రూపొందించిన పద్ధతి. చిన్న స్థలంలో, చిక్కగా, రకరకాల స్థానిక జాతులు కలిపి నాటాలి. తెలంగాణలో హరితహారం కింద ఆ పద్ధతిని యాదాద్రి నమూనాగా మలచుకున్నారు. ఈ పద్ధతికి ఒకే జాతి పదివేలు పనికిరావు. ఎన్నో జాతులు కొన్నేసి వందలు కావాలి, చిన్న మొక్కలయినా చాలు. పొగడ పెద్ద చెట్టయ్యేదాకా ఆగలేని రైతుకు ఇది మంచి దారి. ఏడాది మొక్కనే అమ్ముకోవచ్చు.

ఇక ప్రభుత్వం వైపు. గుజరాత్ 2023 సెప్టెంబరులో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. 2024 ఆగస్టులో వనమహోత్సవం సందర్భంగా మన ఉపముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ కోనోకార్పస్ వద్దని, మన వాతావరణానికి తగిన స్థానిక జాతులే నాటాలని పిలుపునిచ్చారు. కోనోకార్పస్ పుప్పొడి వల్ల ఊపిరి జబ్బులు వస్తాయన్న ఆరోపణ మీద శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ ఒకే జాతిని ఊరంతా నాటడం తప్పన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. వద్దు అన్నంతమాత్రాన పని తీరదు. నిన్నటిదాకా ప్రభుత్వ శాఖలే అడిగి కొన్న మొక్కను ఇవాళ ఒక్క మాటతో వద్దంటే, పొలంలో నిల్వ ఉన్న సరుకు నష్టం రైతు మీద పడుతుంది. ఏది వద్దో చెప్పే రోజే ఏది కావాలో, ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో కూడా చెప్పాలి.

స్థానిక జాతి అయితే చాలదు, రకరకాలు ఉండాలి అనడానికి మన విశాఖపట్నమే సాక్ష్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూల్చేసింది. ఆ తరవాత పచ్చదనం త్వరగా తిరిగి రావాలని ఏడాకుల చెట్టును విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే, అందమైన చెట్టే. కానీ వీధి వీధికీ అదే కావడంతో, శీతకాలం మొదట్లో అన్నీ ఒక్కసారి పూచి, ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అంటూ జనం ఫిర్యాదు చేశారు. అడవిలో పది రకాల చెట్ల మధ్య ఒకటిగా ఉన్నప్పుడు ఆ వాసన ఎవరికీ భారం కాదు. స్థానికమా కాదా అన్న ప్రశ్న పక్కనే, ఎన్ని రకాలు, ఎక్కడ, ఎంత దూరంలో అన్న ప్రశ్న కూడా ఉండాలి.

అయితే దారేది? నా దృష్టిలో నాలుగు పనులు జరగాలి.

మొదటిది, కొనేవాళ్ళు ముందుగా చెప్పాలి. పురపాలక సంఘమైనా, పంచాయతీ అయినా, రహదారుల శాఖ అయినా, అపార్టుమెంటు కట్టే బిల్డరు అయినా టెండరులో జాతుల పేర్లు రాయాలి. 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హరిత రహదారుల విధానం కూడా ఆయా ప్రాంతాలకు తగిన చెట్లనే నాటమంటుంది. కాగితం మీద ఉన్న ఆ మాట కొనుగోలు ఆర్డరులోకి దిగాలి. అదీ నాటే నెలలో కాదు, రెండు మూడేళ్ళ ముందే. కొంత సొమ్ము బయానాగా ఇచ్చి, ఇన్ని పొగడలు, ఇన్ని కానుగలు, ఇన్ని పొన్నలు పెంచండి, ఫలానా ఏడాది తీసుకుంటాం అని ఒప్పందం రాసుకోవాలి. అలాంటి ఒప్పందం చేతిలో ఉంటే కడియం రైతు పెంచలేని మొక్క లేదు.

రెండోది, తల్లిచెట్లు గుర్తించాలి. నర్సరీ మొక్క గుణమంతా గింజ తీసిన చెట్టులో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో బాగా పూసే రేల ఏది, గొడుగులా గుబురుగా ఎదిగిన కానుగ ఏది, ఏపుగా నిటారుగా పెరిగిన పొగడ ఏది, వాటిని గుర్తించి, కొట్టకుండా కాపాడి, గింజ సేకరించాలి. మామిడిలో చేసిన పనే ఇది. మన కొవ్వూరు ఉద్యాన పరిశోధన కేంద్రమే మనకు మంచి ఉదాహరణ చూపించింది. ఈ ప్రాంతపు కందల్లో దురద లేని మంచి రకాన్ని ఎంపిక చేసి గజేంద్ర పేరుతో విడుదల చేస్తే, అది దేశంలో అనేక రాష్ట్రాల పొలాలకు చేరింది. కంద మన దేశపు మొక్కే. ఊళ్ళో ఉన్న దుంపను చూసి, ఎంచి, పేరు పెట్టి, పెంచి ఇస్తే బజారు దానంతట అదే వచ్చింది. అదే చూపు పొగడ మీద, పొన్న మీద, రేల మీద పడాలి. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకటరామన్నగూడెంలో, అంటే మన పక్కనే ఉంది. అలంకరణకు పనికొచ్చే స్థానిక జాతుల్లో మేలైన రకాలు ఎంచి, కొమ్మ ద్వారా, అంటు ద్వారా ఒకే తీరు మొక్కలు పెంచే పద్ధతి రైతుకు నేర్పడం అక్కడివాళ్ళు చేయగల పని.

మూడోది నర్సరీవాళ్ళ పని. స్థానిక మొక్కలకు ఒక వరస ప్రత్యేకంగా పెట్టండి. తెలుగు పేరు, పూత కాలం, ఎదిగే ఎత్తు, ఏ నేలకు పనికొస్తుంది, దాని మీద ఏ పిట్ట వాలుతుంది అని ఒక చిన్న పలక రాయండి. తల్లివేరు చుట్టుకోకుండా లోతైన కవర్లలో పెంచండి. అడవి నుంచి, లంకల నుంచి పెద్ద చెట్లను పెకలించి తెచ్చి అమ్మకండి, గింజ నుంచి పెంచిందే అమ్మండి. ఫ్లోరిడాలో స్థానిక మొక్కలు పెంచే నర్సరీలకు ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. అక్కడ అది బతుకుతెరువు అయినప్పుడు, మొక్కల పెంపకంలో ఇంత నైపుణ్యం ఉన్న కడియంలో కాకుండా పోదు.

నాలుగోది మన పని. మొక్క కొనే ప్రతి ఇల్లాలూ, ప్రతి పెద్దమనిషీ నర్సరీ రైతును ఒక్క ప్రశ్న అడగాలి. మన వైపు మొక్కలు ఏమున్నాయండీ అని. పదిమంది అడిగితే పట్టించుకోరు, వందమంది అడిగితే వరస పెడతారు. ఏం కొనాలో కూడా చెబుతాను. చిన్న పెరడు అయితే పారిజాతం, నందివర్ధనం, నూరువరహాలు, కరివేపాకు. కంచెకు వావిలి, అడ్డసరం. రెంటినీ మేకలు అంతగా ముట్టవు, రెండూ ఇంటి వైద్యానికీ పనికొస్తాయి. వీధి అంచుకు పొగడ, కానుగ. బడి ఆవరణకు నేరేడు, ఉసిరి, రేల. చెరువు గట్టుకు తెల్లమద్ది, మొగలి, వట్టివేరు. ఊరి బయట విశాలమైన చోటు ఉంటే మర్రి, రావి. కరెంటు తీగల కింద, గోడను ఆనుకుని మాత్రం మర్రి, రావి నాటకండి. చోటు చూసుకోకుండా నాటిన చెట్టును పదేళ్ళకు మనమే కొట్టిస్తాం.

ఇప్పుడు ఈ మాటలన్నీ ఎందుకు చెబుతున్నానో సూటిగా చెప్పి ముగిస్తాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మన కొవ్వూరు గోష్పాద క్షేత్రానికీ, అవతలి ఒడ్డున రాజమహేంద్రవరం రేవులకూ దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. ఘాట్లు బాగుచేస్తారు, దారులు వేస్తారు, దారి పక్కన పచ్చదనం కూడా పెడతారు. ఆ పచ్చదనం ఏ దేశపుది? నదీస్నానం చేసి వచ్చిన యాత్రికుడికి నీడనిచ్చేది పొగడ కావాలా, నీడే ఇవ్వని పామ్ చెట్టు కావాలా? గట్టు వాలు మీద మట్టి జారకుండా పట్టుకునేది వట్టివేరు కావాలా, వేసవికి నీళ్ళ ట్యాంకరు పెట్టి బతికించాల్సిన లాన్ కావాలా?

కొవ్వూరు పురపాలక సంఘానికి, రాజమహేంద్రవరం నగరపాలక సంస్థకు, జిల్లా అధికారులకు, పుష్కర పనులు చేసే ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఘాట్ల దగ్గర, ఘాట్లకు వెళ్ళే దారుల్లో నాటే ప్రతి చెట్టూ గోదావరి గట్టున సహజంగా పెరిగే జాతి కావాలని టెండరులో రాయండి. ఒకే జాతి కాకుండా కనీసం పది జాతులు కలపండి. మొక్కలు ఈ జిల్లా నర్సరీల్లోనే కొనండి, ధర న్యాయంగా ఇవ్వండి. శ్రోతలారా, మీ ఊరి పంచాయతీ సభలో మీరు కూడా ఈ మాట ఎత్తండి. మన నర్సరీ రైతుకు మొక్క పెంచడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఏ మొక్క కావాలో అడగడం మనం నేర్చుకోవాలి.